మోకాలి నొప్పికి కొలబద్ద ఏది?

వికారాబాద్ జిల్లా తాండూరు చుట్టుపక్కల బతుకుదెరువంతా మోకాళ్ల మీదే నడుస్తుంది. భూమిలో పలకలు పలకలుగా పరుచుకున్న సున్నపురాతిని లేపి, కోసి, నునుపు చేసి ఊరూరికీ పంపే పని ఇక్కడిది. ఇళ్లలో పరుచుకునే 'తాండూరు బండ' అదే. బండ లేపాలన్నా, లారీకెత్తాలన్నా ముందు గొంతుక్కూచోవాలి, ఆపైన బరువుతో సహా లేవాలి. రాతిపని లేని ఊళ్లలో కంది, పత్తి. తాండూరు కందికి 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ చేలల్లో కలుపు తీసే చేతులు ఎక్కువగా ఆడవాళ్లవే. గంటల తరబడి కూర్చుని, వంగి, జరుగుతూ చేసే పని అది.

ఇలాంటి చోట మోకాళ్లు పట్టేస్తే ఆ పూట కూలి పోతుంది. వయసు మీద పడితే అంతేలే అని సరిపెట్టుకునే స్తోమత అందరికీ ఉండదు. దేశంలో ఐదు ప్రాంతాల్లో ఐదు వేల మందిని పరీక్షించి 2016లో ప్రచురించిన ఒక సర్వే మోకాలి ఆస్టియో ఆర్థరైటిస్ 28.7 శాతం మందిలో ఉందని తేల్చింది. అంటే నలుగురిలో ఒకరి కంటే ఎక్కువే.

ఈ నలుగురిలో ఒకరు దవాఖానకు వెళితే జరిగే తంతు చాలా చోట్ల ఒకటే. ఎక్స్‌రే తీస్తారు. ఫిల్మును వెలుతురుకెత్తి చూస్తారు. "గుజ్జు అరిగింది" అంటారు. గోలీలు రాస్తారు, కొన్ని చోట్ల సూది వేస్తారు. ఆ మనిషి ఇక జీవితాంతం తన నొప్పి గురించి చెప్పుకునే మాట ఆ ఒక్కటే: "గుజ్జు అరిగిందన్నరు." నొప్పి ఎంత ఉంది, ఎప్పుడొస్తుంది, రాత్రి నిద్ర పడుతోందా, ఏ పని మానుకోవాల్సి వచ్చింది అన్న ప్రశ్నలు ఎవరూ వేయరు, జవాబులు ఏ చీటీ మీదా ఎక్కవు. జ్వరానికి థర్మామీటరు ఉంది, బీపీకి యంత్రం ఉంది. దవాఖానకు నడిపించుకొచ్చిన అసలు బాధకు మాత్రం ఓపీ చీటీలో ఒక అంకె కూడా ఉండదు. కీళ్ల నొప్పిని కొలవడం మీద డెబ్బై ఏళ్లుగా ప్రపంచంలో జరిగిన పని చూస్తే, ఈ లోటు ఎంత పెద్దదో, దాన్ని తీర్చడం ఎంత సులువో రెండూ అర్థమవుతాయి.

ఎక్స్‌రే కథ బొగ్గుగనుల దగ్గర మొదలవుతుంది. ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో జోనస్ కెల్‌గ్రెన్, జాన్ లారెన్స్ అనే ఇద్దరు వైద్యులు గనికార్మికుల కీళ్లను పరిశీలించి 1952లో ఆ ఫలితాలు ప్రచురించారు. బరువులెత్తే, వంగే, మోకాళ్ల మీద పాకే శరీరాలవి. తాండూరు గనుల్లో పనిచేసేవాళ్లకు దగ్గరి బంధువులనుకోవచ్చు. ఆ అనుభవంతో వాళ్లు 1957లో ఒక పద్ధతి తయారుచేశారు. ఎక్స్‌రేలో ఎముక అంచున ముల్లులాంటి పెరుగుదల ఉందా, రెండు ఎముకల మధ్య ఖాళీ ఎంత తగ్గింది అన్నవి చూసి సున్నా నుంచి నాలుగు దాకా గ్రేడు వేయాలి. ఇవాళ వికారాబాద్‌లో రేడియాలజిస్టు "గ్రేడ్ మూడు" అని రాసినా, అమెరికాలో రాసినా ఆ అంకె వీళ్లిద్దరిదే.

కెల్‌గ్రెన్ అంతకు ముందు చేసిన పని మాత్రం నొప్పి మీదే. 1930ల చివర్లో ఆయన మనుషుల కండరాల్లోకి, లోపలి కణజాలాల్లోకి కొద్దిగా ఉప్పునీరు ఎక్కించి, ఎక్కడ గుచ్చితే ఎక్కడ నొప్పి తెలుస్తుందో పటాలు గీశాడు. లోపలి నొప్పి పుట్టిన చోటనే తెలియదనీ, దూరంగా మరో చోట బయటపడుతుందనీ అప్పుడే చూపించాడు. ప్రపంచం ఆయన గ్రేడును పట్టుకుంది, ఆ పటాలను చాలావరకు మరిచిపోయింది.

గ్రేడును నమ్ముకుంటే ఏమవుతుంది? ఎక్స్‌రేనూ నొప్పినీ పక్కపక్కన పెట్టి చూసిన అధ్యయనాలన్నింటినీ బెడ్సన్, క్రాఫ్ట్ అనే పరిశోధకులు 2008లో ఒకచోట చేర్చారు. మోకాలు నొప్పి ఉన్నవాళ్లలో ఎక్స్‌రేలో అరుగుదల కనబడింది కొన్ని అధ్యయనాల్లో 15 శాతం మందిలోనే, మరికొన్నింటిలో 76 శాతం మందిలో. అరుగుదల కనబడినవాళ్లలో నొప్పి ఉన్నవాళ్లు 15 నుంచి 81 శాతం దాకా. తుంటి సంగతి మరీ ఘోరం. 2015లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఫ్రేమింగ్‌హామ్ అధ్యయనం ప్రకారం, తరచూ నొప్పి పెట్టే తుంటికీళ్లలో ఎక్స్‌రేలో జబ్బు కనిపించింది 15.6 శాతంలోనే; ఎక్స్‌రేలో జబ్బున్న తుంటికీళ్లలో తరచూ నొప్పి పెట్టేవి 20.7 శాతమే. ఎక్స్‌రే ఒక్కటే చూసి తుంటి నొప్పిని తేల్చే వైద్యుడు ఎక్కువసార్లు పొరబడతాడు.

అలాగని ఎక్స్‌రే పనికిరానిదని తీసి పారేస్తే అదీ అన్యాయమే. తుహినా నియోగి బృందం 2009లో ఒక తెలివైన పని చేసింది. ఇద్దరు మనుషులను పోల్చడం మానేసి, ఒకే మనిషి రెండు మోకాళ్లను పోల్చింది. ఒక మోకాలు నొప్పి, రెండోది నొప్పి లేదు అన్నవాళ్లను మాత్రమే తీసుకుంది. అప్పుడు చూస్తే అరుగుదల ఎక్కువున్న మోకాలే నొప్పి పెట్టేది కావడానికి అవకాశాలు బాగా ఎక్కువ అని తేలింది. ఒకే మనిషి, ఒకే నిద్ర, ఒకే మనసు, ఒకే బరువు, ఒకే పని. తేడా కీలులో మాత్రమే. మనిషికీ మనిషికీ మధ్య నొప్పి తేడా రావడానికి కారణం కీలు ఒక్కటే కాదని ఈ పరిశోధన తిరగేసి చెప్పినట్టయింది. సగం కథ కీలులో ఉంది. మిగతా సగం ఆ మనిషిలో ఉంది.

కీలులో ఉన్న సగం ముందు చూడాలి. "గుజ్జు అరిగింది కాబట్టి నొప్పి" అన్న మాటలో ఒక చిక్కుంది. గుజ్జు అని జనం అనే మృదులాస్థిలో నరాలు లేవు. దానికి నొప్పి తెలియదు. ఈ విషయాన్ని శరీరం మీదే తేల్చుకున్న మనిషి అమెరికన్ శస్త్రవైద్యుడు స్కాట్ డై. కీలుకు మత్తు ఇవ్వకుండా తన మోకాళ్లలోకి గొట్టం దించమని తోటి వైద్యుణ్ణి అడిగి, లోపల ఒక్కో భాగాన్ని తాకుతుంటే ఎక్కడ ఎంత నొప్పి తెలుస్తోందో తానే చెబుతూ పోయాడు. 1998లో ఆ వివరాలు అచ్చయ్యాయి. మోకాలిచిప్ప వెనక ఉండే మృదులాస్థిని గట్టిగా నొక్కినా ఏమీ తెలియలేదు. చిప్ప కింది కొవ్వుమెత్తను, సైనోవియం అనే లోపలి పొరను తాకితే మాత్రం భరించరాని పోటు. ఇంత ధైర్యం చేసిన పరిశోధకుడు అరుదు. ఇంత ఉపయోగపడిన ప్రయోగమూ అరుదే.

నరాలున్నవి ఆ పొర, మృదులాస్థి కింది ఎముక, ఎముక మీది పొర, లిగమెంట్లు, చుట్టూ ఉన్న కండరాలు. 2001లో ఫెల్సన్ బృందం ఎంఆర్ఐతో చూసినప్పుడు మోకాలు నొప్పి ఉన్న 351 మందిలో 272 మందికి ఎముక మూలుగలో దెబ్బతిన్న మచ్చలు కనిపించాయి. నొప్పి లేని 50 మందిలో కనిపించింది 15 మందికే. ఇలాంటి మచ్చలు మామూలు ఎక్స్‌రేలో పడవు. పొర వాచి నీరు చేరడం కూడా అంతే. బండలు మోసి వచ్చిన రోజు మోకాలు ఉబ్బి, రెండు రోజులు పని మానితే తగ్గుతుంది. అరిగిన మృదులాస్థి మళ్లీ పెరగలేదు. వాపు తగ్గింది, అంతే. ఈ సంగతి అర్థమైతే "అరిగిపోయింది, ఇక చేసేదేం లేదు" అన్న నిరాశకు సగం విరుగుడు దొరికినట్టే. అరుగుదల వెనక్కి మళ్లదు. నొప్పి మళ్లుతుంది.

తుంటి మరో రకంగా మోసం చేస్తుంది. తుంటికీలు చెడితే నొప్పి గజ్జలో తెలుస్తుంది, తొడ ముందు భాగంలో తెలుస్తుంది, కొందరికి మోకాలిలోనే తెలుస్తుంది. తుంటికీ మోకాలికీ కొన్ని నరాలు ఉమ్మడి కావడమే కారణం. కెల్‌గ్రెన్ ఉప్పునీటి పటాల్లోని విషయమే ఇదీ. పిరుదు పక్కన చెయ్యి పెట్టి "తుంటి నొప్పి" అనేవాళ్లలో చాలామందికి అసలు బాధ నడుముదో, కండరానిదో అయ్యుంటుంది. మోకాలు నొప్పి అంటూ వచ్చి, మోకాలి ఎక్స్‌రే శుభ్రంగా ఉన్న మనిషి కాలును తుంటి దగ్గర లోపలికి తిప్పి చూడటం ఒక నిమిషం పని. ఆ నిమిషం పెట్టకపోవడం వల్ల ఏళ్ల తరబడి మోకాలికి మందు రాసుకుంటూ గడిపేవాళ్లుంటారు.

మన దగ్గర తుంటి అరుగుదల మోకాలంత ఎక్కువ కాదు. ఎముక తలకు రక్తం అందక అది చితికిపోయే జబ్బుతో తుంటి మార్పిడికి వచ్చేవాళ్లు ఇక్కడ చాలామంది. స్టెరాయిడ్లు, మద్యం దానికి తెలిసిన కారణాలు. అయితే సేద్యం తుంటిని వదిలిపెడుతుందని అనుకోవడానికి లేదు. ఇంగ్లండ్ రైతుల మీద 1992లో వచ్చిన అధ్యయనంలో పదేళ్లకు పైగా వ్యవసాయం చేసినవాళ్లకు తుంటి ఆస్టియో ఆర్థరైటిస్ ముప్పు కూర్చుని పనిచేసేవాళ్ల కంటే తొమ్మిది రెట్లకు పైగా కనిపించింది. తెలుగునాట మరో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. కీళ్లు బిగుసుకుపోయిన ప్రతి మనిషిదీ అరుగుదల కాదు. ఫ్లోరైడ్ నీటి వల్ల ఎముకలు గట్టిపడి మనుషులు వంగలేకపోవడాన్ని వైద్య ప్రపంచానికి 1937లో తెలిపిన నివేదిక అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి, తెలుగు జిల్లాల రోగుల గురించి వెళ్లిందే. మోకాళ్లు లోపలికి వంకర తిరిగే రూపాన్ని 1973లో లాన్సెట్ పత్రికకు రాసింది హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు. తాగే నీరేమిటని అడగడం కూడా కీళ్ల పరీక్షలో భాగం కావాలి.

ఇక కొలత సంగతి. నొప్పిని బయటి నుంచి చదివే యంత్రం లేదు. అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 2020లో సవరించిన నిర్వచనం కూడా నొప్పి అనుభవమనీ, ఎవరైనా నొప్పి ఉందంటే ఆ మాటను గౌరవించాలనీ చెబుతుంది. కాబట్టి కొలవాలంటే అడగాలి. ఎలా అడగాలన్నదే శాస్త్రం.

అన్నిటికంటే సులువైనది సున్నా నుంచి పది దాకా అంకె. నొప్పి లేకపోతే సున్నా, ఊహకందే అతి పెద్ద నొప్పి పది. దానికి ముందునుంచీ ఉన్నది వంద మిల్లీమీటర్ల గీత. దాని మీద ఒక చోట అడ్డంగా గుర్తు పెట్టమంటారు. చదువుకోని పెద్దవాళ్లకు ఈ గీత తికమక పెడుతుందన్నది ప్రపంచమంతా చూసిన అనుభవం. 2011 జనగణన నాటికి తెలంగాణ అక్షరాస్యత సుమారు 66 శాతం, ఆడవాళ్లలో ఇంకా తక్కువ. మోకాళ్ల నొప్పుల వయసులో ఉన్న ఆడవాళ్లలో మరీ తక్కువ. గీత ఇచ్చి పెన్ను చేతికిస్తే ఆ అవ్వ నొప్పి కంటే పెన్ను గురించే ఎక్కువ కంగారు పడుతుంది. ఇక్కడి జనం దగ్గర అప్పటికే ఒక కొలత ఉంది. "మందు వాడినంక రూపాయిల ఆఠాణా తగ్గింది", "చారాణా తగ్గింది", "బారాణా మంచిగైంది" అనడం తాండూరు, వికారాబాద్ పల్లెల్లో నోటిమీదున్న మాట. నాలుగు మెట్ల కొలబద్ద అది. నొప్పి సగం తగ్గిందా, పావు తగ్గిందా అన్నది వైద్యుడికి చాలా పనికొచ్చే సమాచారం. 2001లో ఫరార్ బృందం వేల మంది రోగుల లెక్కలు చూసి, పది అంకెల కొలతలో రెండు అంకెలు లేదా దాదాపు 30 శాతం తగ్గితేనే రోగికి 'నిజంగా తగ్గింది' అనిపిస్తుందని తేల్చింది. చారాణాకు కాస్త ఎక్కువ, ఆఠాణాకు తక్కువ.

ఒక్క అంకెతో నొప్పి మొత్తం పట్టుబడదు. అందుకే ప్రశ్నావళులు వచ్చాయి. వాటిలో పెద్దపేరున్నది వోమాక్. కెనడాలో నికొలస్ బెలమీ తయారుచేసిన ఈ ప్రశ్నావళి 1988లో ప్రచురితమైంది. నొప్పి మీద 5 ప్రశ్నలు, బిగుసుకుపోవడం మీద 2, పనుల మీద 17, మొత్తం 24. గత 48 గంటల్లో ఎలా ఉందని అడుగుతుంది. తర్వాత 42 ప్రశ్నల కూస్, మార్పిడి శస్త్రచికిత్సల కోసం 12 ప్రశ్నల ఆక్స్‌ఫర్డ్ స్కోరు వచ్చాయి. కూస్ గత వారం గురించి, ఆక్స్‌ఫర్డ్ గత నాలుగు వారాల గురించి అడుగుతాయి. ఈ గడువు తేడా చిన్నదేం కాదు. కంది కోత నడిచే రోజుల్లో అడిగిన 48 గంటలూ, కోత అయిపోయి ఇంటిపట్టున ఉన్న 48 గంటలూ ఒకే మోకాలికి రెండు వేర్వేరు జబ్బులున్నట్టు చూపిస్తాయి.

వోమాక్‌లోని పనుల జాబితా చదివితే అది ఏ ఇంట్లో పుట్టిందో తెలిసిపోతుంది. కారు ఎక్కి దిగడం, స్నానాల తొట్టిలోకి దిగి లేవడం, మేజోళ్లు తొడుక్కోవడం, విప్పడం. బషీరాబాద్ మండలంలో బావి దగ్గర బట్టలుతికే ఆవిడకు వీటిలో ఏది వర్తిస్తుంది? ఆవిడను అడగాల్సినవి వేరు: నేల మీద బాసింపట్టు వేసి అన్నం తినగలుగుతున్నావా? మరుగుదొడ్డిలో కూర్చుంటే లేవడానికి గోడ పట్టుకోవాల్సి వస్తోందా? ఆర్టీసీ బస్సు మొదటి మెట్టు ఏ కాలితో ఎక్కుతున్నావు? కలుపు తీసేటప్పుడు ఎంతసేపటికి లేచి నిలబడాలనిపిస్తోంది? తాండూరులో ముస్లిం పెద్దలను సజ్దాకు ఒంగగలుగుతున్నారా, కుర్చీలో కూర్చుని నమాజు చేస్తున్నారా అని అడిగితే మోకాలి స్థితి ఒక్క మాటలో తెలుస్తుంది. పుణెలో డాక్టర్ అరవింద్ చోప్రా నడిపిన రుమటాలజీ కేంద్రం ఈ అవసరం గుర్తించి గొంతుక్కూచోవడం, బాసింపట్టు లాంటివి చేర్చి భారతీయ జీవితానికి తగినట్టు వోమాక్‌ను మార్చుకుంది. తెలంగాణ పల్లెలకు కావలసింది ఆ దారిలో నాలుగడుగులు ముందుకు వేయడం.

నొప్పి రకాలను విడదీయడంలో గొప్ప ముందడుగు 2008లో పడింది. గిలియన్ హాకర్ బృందం మోకాలి, తుంటి రోగులను గుంపులుగా కూర్చోబెట్టి, వాళ్ల మాటలను ఓపికగా వింది. ఆ వినికిడి నుంచి రెండు నొప్పులు బయటపడ్డాయి. ఒకటి ఎప్పుడూ ఉండే సన్నని సలుపు. రెండోది అప్పుడప్పుడు వచ్చే తీవ్రమైన పోటు. మొదటి దశలో పోటు ఎప్పుడొస్తుందో తెలుస్తుంది: మెట్లెక్కితే, బరువెత్తితే. రాను రాను సలుపు స్థిరపడుతుంది. చివరి దశలో సలుపు ఉండగానే, చెప్పాపెట్టకుండా పోటు విరుచుకుపడుతుంది. మనుషులను కుంగదీసేది ఆ చెప్పాపెట్టని పోటేనని రోగులే చెప్పారు. నడిరోడ్డు మీద పోటు పొడుస్తుందేమోనన్న భయంతో బయటికి పోవడం మానేస్తారు. దీని ఆధారంగా వచ్చిన ఐకోప్ ప్రశ్నావళిలో 11 ప్రశ్నలున్నాయి: 5 సలుపు మీద, 6 పోటు మీద.

ఈ విభజన ఇక్కడి వాళ్లకు కొత్తగా నేర్పాల్సింది కాదు. "సలుపుతున్నది", "తీపులు పెడుతున్నది", "గుంజుతున్నది" అనేది ఒక రకం. "పోటు పొడిచింది", "కలుక్కుమన్నది" అనేది మరో రకం. "మంట", "తిమ్మిరి", "మొద్దుబారింది" అనేది మూడోది. మూడో రకం మాటలు వింటే వైద్యుడు నరాల వైపు, చక్కెర జబ్బు వైపు, నడుము వైపు చూడాలి. రోనాల్డ్ మెల్జాక్ 1975లో మెక్‌గిల్ ప్రశ్నావళి కోసం 78 నొప్పి మాటలను 20 గుంపులుగా పేర్చింది సరిగ్గా ఇందుకే. ఓపీలో "నొప్పి" అని ఒక్క ముక్క రాసుకుంటే ఈ సమాచారమంతా చీటీ దాకా రాకముందే పోతుంది.

మిగతా సగం, అంటే మనిషిలో ఉన్న సగం, నరాల వ్యవస్థలో ఉంటుంది. దెబ్బ పదేపదే తగిలితే వెన్నుపాములోని నరకణాలు అతిగా స్పందించడం నేర్చుకుంటాయని క్లిఫర్డ్ వూల్ఫ్ 1983లో చూపించాడు. ఏళ్ల తరబడి మోకాలు నొప్పి ఉన్న కొందరిలో మోకాలి మీదే కాక దూరంగా చేతి మీద ఒత్తినా మామూలు వాళ్ల కంటే తొందరగా నొప్పి తెలుస్తుంది. ఒత్తిడిని కొలిచే చిన్న పరికరంతో దీన్ని అంకెల్లో పట్టవచ్చు. నిద్ర లేకపోవడం, దిగులు, ఇంట్లో కష్టం ఈ మంటకు గాలి విసురుతాయి. "అంతా నీ మనసులోనే ఉంది" అని రోగిని కసురుకోవడానికి దీన్ని వాడుకోవడం తప్పు. ఆ మార్పు నరాల్లో నిజంగా జరుగుతుంది. జర్మనీలో తుంటి అరుగుదల ఉన్న 32 మంది మెదడు చిత్రాలు తీసి 2009లో ప్రచురించినప్పుడు కొన్ని చోట్ల బూడిదరంగు పదార్థం తగ్గి కనిపించింది. వాళ్లలో తుంటి మార్పించుకుని నొప్పి పోయిన 10 మందిని మళ్లీ చూస్తే ఆ భాగాలు తిరిగి పెరిగాయి. దీర్ఘకాలం నొప్పి మెదడు మీద కూడా గుర్తు వేస్తుంది, నొప్పి పోతే ఆ గుర్తు చెరిగిపోగలదు.

అడిగి కొలిచే పద్ధతిలో ఒక ఉచ్చు ఉంది. కలుపుకు పోవడం మానేసిన మనిషిని "నొప్పి ఎంత?" అని అడిగితే "రెండు" అంటుంది. పోయిన ఏడు చేనుకు పోతున్నప్పుడు "ఆరు" అంది. కాగితం మీద జబ్బు నయమైంది. బతుకులో ఆమె మంచానికి దగ్గరైంది. అందుకే నొప్పి అంకె పక్కన ఎంత పని చేస్తోందో కూడా రాయాలి. ఆస్టియో ఆర్థరైటిస్ పరిశోధకుల అంతర్జాతీయ సంఘం 2013లో సిఫార్సు చేసిన పరీక్షల్లో మొదటి మూడు చాలా తేలిక: 30 సెకన్లలో చేతులు ఆనించకుండా కుర్చీలోంచి ఎన్నిసార్లు లేచి కూర్చోగలరు, 40 మీటర్లు వేగంగా నడవడానికి ఎంతసేపు పడుతుంది, మెట్లు ఎక్కి దిగడానికి ఎంతసేపు. ఒక కుర్చీ, ఒక ఫోను గడియారం చాలు. పల్లె దవాఖానలో ఈ రెండూ ఉంటాయి.

చికిత్సల పరీక్షలు నేర్పిన పాఠం మరొకటి. హ్యూస్టన్‌లో మోసెలీ బృందం 180 మంది మోకాలి రోగులను మూడు గుంపులు చేసింది. రెండు గుంపులకు గొట్టం దించి కీలు కడగడమో, చెక్కడమో చేశారు. మూడో గుంపుకు చర్మం మీద గాటు పెట్టి కుట్టేశారు, అంతే. రెండేళ్లు చూస్తే మూడు గుంపుల నొప్పిలో తేడా లేదు. 2002లో ఇది వెలువడ్డాక ఆ ఆపరేషన్‌కు శాస్త్రీయ సమర్థన పోయింది. 2024లో వచ్చిన సెమాగ్లుటైడ్ పరీక్షలో బరువు తగ్గించే ఆ మందు వోమాక్ నొప్పి అంకెను 41.7 తగ్గించింది, ఉత్తుత్తి సూది తీసుకున్నవాళ్లకూ 27.5 తగ్గింది. నమ్మకం, ఎవరో శ్రద్ధగా చూస్తున్నారన్న ధైర్యం, నొప్పి తనంతట తాను ఎక్కి దిగే తీరు కలిసి తెచ్చే ఉపశమనం అది. ఊళ్లో ఆర్ఎంపీ వేసిన సూదికి నొప్పి తగ్గిందంటే ఆ సూదిలో మందే పనిచేసిందనుకోనక్కర్లేదు. ఆ మందు పేరు తెలియకుండా నెల నెలా సూదులు, స్టెరాయిడ్లు, డైక్లోఫినాక్ గోలీలు వాడితే కడుపులో పుండ్లు, కిడ్నీల నష్టం మాత్రం నిజంగానే వస్తాయి.

నొప్పి నోరు పూర్తిగా మూయించడమూ ప్రమాదమేనని టానెజుమాబ్ చెప్పింది. నరాల పెరుగుదల కారకాన్ని అడ్డుకునే ఈ మందు 2010లో నొప్పిని 45 నుంచి 62 శాతం దాకా తగ్గించి ఆశలు రేపింది. ఉత్తుత్తి మందుతో తగ్గింది 22 శాతమే. అయితే కొందరిలో కీళ్లు వేగంగా చెడిపోవడం చూసి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ పరీక్షలు ఆపించింది. 2021లో ఆ సంస్థ సలహా సంఘం 19-1 ఓట్లతో మందును తిరస్కరించింది. కంపెనీ వదిలేసుకుంది.

ఇక కీలు మార్పిడి. 2017 ఆగస్టులో జాతీయ ఔషధ ధరల సంస్థ మోకాలి ఇంప్లాంట్లకు గరిష్ఠ ధర పెట్టడంతో లక్షన్నర దాటిన మామూలు రకం 54,720 రూపాయలకు దిగింది. ఎంతోమందికి ఇది మేలు చేసింది. కానీ శస్త్రచికిత్స తర్వాత కూడా మోకాలి రోగుల్లో దాదాపు 20 శాతం, తుంటి రోగుల్లో 9 శాతం మందికి నొప్పి మిగిలిపోతుందని 2012 సమీక్ష ఒకటి నమ్మదగిన అధ్యయనాల ఆధారంగా చూపింది. నరాల్లో నొప్పి పాతుకుపోయినవాళ్లను కత్తి పెట్టక ముందే గుర్తించాలంటే ముందు నొప్పిని రకరకాలుగా కొలిచి ఉండాలి. గ్రేడు నాలుగు అని ఉందని కోసేయడం, గ్రేడు రెండే అని ఉందని "నీకేం లేదు పో" అనడం రెండూ ఒకే తప్పుకు రెండు రూపాలు.

ఇంకా ఖర్చులేని మందులు ఉన్నాయి. తొడ ముందు కండరాన్ని బలపరిచే వ్యాయామం, బరువు తగ్గడం. ఒక కిలో బరువు తగ్గితే ప్రతి అడుగుకూ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందని మెసియర్ బృందం 2005లో లెక్కగట్టింది. వీటి ఫలితం నెలల మీద, చారాణా చారాణాగా వస్తుంది. కొలిచి చూపించకపోతే రెండో వారానికే రోగి మానేస్తాడు. కొలతకున్న అతిపెద్ద ఉపయోగం బహుశా ఇదే.

వికారాబాద్‌కు 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. తాండూరులో జిల్లా ఆసుపత్రి ఉంది. ఊరూరా ఆశా కార్యకర్తలున్నారు. తెలంగాణ మాటల్లో, ఇక్కడి పనులతో ఒక పేజీ ప్రశ్నావళి తయారుచేసి, గనుల్లో, కందిచేలల్లో పనిచేసేవాళ్ల మీద పరీక్షించి సరిచూడటానికి ఇంతకంటే అనువైన చోటు దొరకదు. ఆ కళాశాల విద్యార్థులూ, అధ్యాపకులూ ఈ పని తలకెత్తుకోవాలి.

అంతదాకా మోకాళ్ల నొప్పితో ఉన్నవాళ్లూ, వాళ్లను దవాఖానకు తీసుకుపోయే కొడుకులూ కూతుళ్లూ ఇంటి నుంచి బయల్దేరేటప్పుడే ఐదు సంగతులు ఒక కాగితం మీద రాసుకుని వెళ్లాలి. నొప్పి ఎక్కడ, వేలు పెట్టి చూపగలిగేంత కచ్చితంగా. ఎప్పుడూ ఉంటుందా, వచ్చిపోతుందా. రాత్రి నిద్ర చెడుతోందా. నొప్పి వల్ల మానేసిన పనులేమిటి. ఇప్పటిదాకా వాడిన గోలీలు, సూదులు ఏవి, వాటితో ఎన్ని అణాలు తగ్గింది. జ్వరంతో పాటు కీలు ఎర్రబడి వాచినా, ఉన్నట్టుండి కాలు మోపలేకపోయినా ఈ కాగితం కోసం ఆగకుండా ఆ రోజే వెళ్లాలి. వైద్యుడు ఎక్స్‌రే వైపు చూసే ముందు ఆ కాగితం ఆయన చేతిలో పెట్టండి. మళ్లీ వెళ్లినప్పుడు కొత్తది రాసి, పాతదాని పక్కన పెట్టి చూడమనండి.